ఖారోన్ అనే మా నావ

టౌరంగా అనే విదేశీ రేవు పట్టణంలో మా అమ్మాయి ఇంట్లో ఒక్క నాణెం కూడా లేదన్న సంగతి గత శనివారం ఉదయం బయటపడింది. సొరుగులు లాగారు, కోటు జేబులు తిరగేశారు, కారు సీట్ల సందుల్లో వేళ్ళు పెట్టి చూశారు. ఈ ఊళ్ళో పాల డబ్బా నుంచి పెట్రోలు దాకా అన్నీ కార్డు తాకించి కొంటారు కనుక నాణానికి ఇంట్లోకి వచ్చే దారే లేదు. కావలసింది మా మనవరాలికి. బడిలో గ్రీకు పురాణగాథల మీద నాటిక వేస్తున్నారు. పాత నల్ల కర్టెను తన అంగీ అయింది. పక్కింటివారి కయాక్ పడవ తెడ్డు చేతికి వచ్చింది. నాణెం ఒక్కటే కొరత.

“పాలకి ఎలాగూ డెయిరీకి వెళ్తున్నాగా, అక్కడ అడిగి తెస్తాలే,” అన్నాడు మా అల్లుడు. వీధి చివరి కొట్టును ఇక్కడ డెయిరీ అంటారు.

“కొత్తది వద్దు డాడీ. ఇట్ హాజ్ టు లుక్ ఓల్డ్. డెడ్ పీపుల్ ఇచ్చే కాయిన్ కదా!”

“నీ పాత్ర పేరేమిటి?” అని అడిగాను.

“కేరన్. చనిపోయినవాళ్ళని బోట్‌లో రివర్ దాటిస్తాడు. కాయిన్ ఇవ్వకపోతే ఎక్కించుకోడు.”

“ఖారోన్ అనాలి. మా తాతయ్య నావ పేరు అదే.”

మనవరాలు తెడ్డు పక్కన పెట్టి నా ముఖం పరిశీలించింది. “మమ్మీ! అమ్మమ్మ ఈజ్ మేకింగ్ స్టఫ్ అప్!”

“అమ్మమ్మ జోకులెయ్యదే,” అంది వంటింట్లోంచి మా అమ్మాయి. “ఒకవేళ వేసినా దానికి ప్రూఫ్ చూపిస్తుంది.”

ఆ మాటలో అతిశయోక్తి లేదు. నా ఉద్యోగ జీవితమంతా జనాభా లెక్కల కార్యాలయంలో గడిచింది. ఎవరైనా వయస్సు చెబితే ఆధారం అడిగేదాన్ని. ‘తుపాను వచ్చిన ఏడు పుట్టాను’ అంటే ఏ తుపాను అని అడిగేదాన్ని. తేదీ లేని సంఘటనను సంఘటనగా నేను ఎన్నడూ లెక్కించలేదు. కనుక ఇక్కడ రాయబోయేది నాకే కొంత ఇబ్బంది కలిగిస్తోంది. దీనికి తేదీ లేదు. ఎందుకు లేదో చివర చెబుతాను.

మాది లోతు తక్కువ రేవు. పెద్ద ఓడలు ఒడ్డు దాకా రాలేక దూరాన లంగరు దించి నిలబడేవి. సరుకు వాటి దగ్గరికి చేర్చేవి చెక్క నావలు. వెళ్ళేటప్పుడు నూనె తీసిన వేరుశనగ చెక్క బస్తాలు, తవుడు బస్తాలు. వచ్చేటప్పుడు తరచుగా ఖాళీ. నావను నడిపించే పెద్దను సరంగు అనేవారు, బస్తాలు మోసి తెరచాప లాగే వారిని కళాసీలు అనేవారు. మా తాతయ్య నావల యజమాని, సరంగు కూడా. మా వీధిలో సగం ఇళ్ళు ఆయన నావల మీదే బతికేవి.

ఆ వీధి వాసనను ఇప్పటికీ పొరలుగా విడదీసి చెప్పగలను. అడుగున ఎండుచేప, దాని మీద వేరుశనగ చెక్క తాలూకు కమ్మని, కొద్దిగా మాడిన వాసన, అన్నిటికీ పైన గుగ్గిలం. కొత్త నావ పలకల సందుల్లో పత్తి కూరి, నూనెలో గుగ్గిలం కాచి ఆ సందులకు పూసేవారు. కాచే రోజున పిల్లలను పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు. చల్లారిన తర్వాత గిన్నె అంచుకు అంటుకున్న తునకలను గిల్లి, చూయింగ్ గమ్ము అని ఒకరి నోట్లో ఒకరం పెట్టుకుని పళ్ళు అతుక్కుపోయి ఏడ్చేవాళ్ళం.

గ్రీకు దేవతలు మాకు పుస్తకాల ద్వారా పరిచయం కాలేదు. తుప్పు పట్టి, పొగ చిమ్ముతూ సముద్రంలో నిలబడి ఉండేవారు. ఆ కాలంలో మా రేవుకు వచ్చే ఓడల్లో ఎక్కువ భాగం గ్రీకువి. వెనుక భాగాన ఓడ పేరు, దాని కింద సొంత రేవు పేరు ఇంగ్లీషులో కూడా రాసి ఉండేవి. పైన పొసైడన్, కింద పిరేయస్. పైన ఆఫ్రొడైటీ, కింద ఖియోస్. పొసైడన్ సముద్రాధిపతి అని, ఆఫ్రొడైటీ సౌందర్య దేవత అని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అప్పట్లో మా లెక్క ప్రకారం పొసైడన్ లంగరు గొలుసు మొరాయించే ఓడ. ఆఫ్రొడైటీ సిమెంటు దించిపోయే ఓడ. దేవతల వార్తాహరుడైన హెర్మిస్ ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాడు.

ఒక ఓడ వంటవాడు కూరగాయలకు, కోళ్ళకు ఒడ్డుకు వచ్చినప్పుడల్లా మా అరుగు మీద కూర్చునేవాడు. తెల్లబడిన మీసం, బూరెల్లాంటి బుగ్గలు. అతని వెంట ఓడ ఏజెంటు ఆఫీసు గుమాస్తా ఉండేవాడు. వంటవాడి ఇంగ్లీషును తెలుగులోకి, తాతయ్య తెలుగును ఇంగ్లీషులోకి మార్చేవాడు. వంటవాడు ఒకసారి మా ఇంటికి ఒక డబ్బా తెచ్చాడు. మూత తీస్తే ఉప్పునీళ్ళలో నల్లటి పళ్ళు. ఆలివ్‌లనే మాట అప్పటికి మా వీధిలో ఎవరికీ తెలియదు.

“ఏటీ, నేరేడు పళ్ళు ఉప్పులో నానేశారా?” అంది మామ్మ, ఒకటి కొరికి. “పాపం, ఆళ్ళకి ఊరగాయ ఎట్టడం రాదు.”

వంటవాడికి జాలితో మాగాయ పెట్టింది. అతడు కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. ఆలివ్ గింజలను మేము పెరట్లో పాతి, ఒక వానకాలమంతా నీళ్ళు పోశాం. ఏమీ మొలవలేదు. ఉప్పులో ఊరిన గింజ మొలవదని ఆ వయస్సులో మాకు తెలియదు.

అప్పుడు మా ఇంటి ముందు ఇసుకలో కొత్త నావ కడుతున్నారు. అప్పటికే ఉన్న పెద్ద నావ పేరు గుహుడు. రాముణ్ణి గంగ దాటించిన గుహుడంటే తాతయ్యకు బంధుభావం ఉండేది. కొత్త నావ ఎక్కువగా గ్రీకు ఓడలకే తిరుగుతుంది కనుక వాళ్ళ నావవాడి పేరు పెట్టడం మర్యాద అని ఆయనకు తోచింది.

“మా రాములవారిని దాటించినోడు గుహుడు. మీ పురాణాల్లో పేరున్న నావవోడు ఎవుడో అడగవయ్యా,” అన్నాడు గుమాస్తాతో.

గుమాస్తా అడిగాడు. వంటవాడు ఏదో మామూలు కబురు అనుకుని, “ఖారోన్,” అన్నాడు.

“మంచోడేనా?”

ఇద్దరూ కాసేపు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. “పని ఎగ్గొట్టడంటండి. రాజైనా, బిచ్చగాడైనా ఒకటే కూలంట. ఒక్క నాణెం. అందర్నీ అవతలి ఒడ్డుకి చేరుస్తాడంట.”

“ఏ ఏట్లో?”

“ఆఖెరోన్ అని ఉందంటండి. ఈయన మేనత్తగారి ఊరు ఆ ఒడ్డునేనంట. నీళ్ళు మహా చల్లనంట.”

తాతయ్యకు తృప్తి కలిగింది. పలక మీద పేరు రాయమని సుద్దముక్క ఇచ్చాడు. వంటవాడు తన లిపిలో రాశాడు. మొదట ఇంటూ గుర్తు, చివర్లో గుర్రపు నాడా లాంటి అక్షరం. అతని ఓడ మర్నాడే వెళ్ళిపోయింది.

మా రేవులో కొత్త నావకు చంటిబిడ్డకు చేసినట్టే నామకరణం చేసేవారు. ముందుభాగానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పానకం పంచేవారు. ఇంటి ఆడపిల్ల మొదట కాలు పెట్టాలి. ఆ ఏడు ఆ ఆడపిల్లను నేను. తర్వాత యజమాని నావ ముక్కుకు నోరు ఆనించి మూడుసార్లు పేరు చెబుతాడు. ఆ పేరు నావ విన్నట్టే. ఇక మార్చరు. మార్చిన పేరుతో పిలిస్తే గాలిలో నావ పలకదని వాళ్ళ నమ్మకం.

పేరు రాసిన చిత్రకారుడు సినిమా హాలు బోర్డులు వేసేవాడు. సుద్ద అక్షరాలను చూసి, ఒక్క గీత తేడా రాకుండా మనిషంత అక్షరాలు దించాడు. ఇరువైపులా తామరపూలు, పైన రెండు పెద్ద కళ్ళు. గుర్రపు నాడాకు బంగారు రంగు వేశాడు. మా ఒడ్డున ఎవరూ చదవలేని ఆ పేరును, దూరాన నిలిచిన ప్రతి గ్రీకు నావికుడూ చదవగలడు. ఈ విషయం ఎవరికీ తట్టలేదు.

మొదటి బేరానికి నావ నిండుగా వెళ్ళి నిండుగా తిరిగి వచ్చింది. తీసుకెళ్ళిన బస్తాలతోనే నావ తిరిగి రావడం మా వీధి ఎన్నడూ చూడలేదు.

“దగ్గరికి ఎల్లగానే ఓడ మీద అందరూ గుండెల మీద శిలువ గీసుకున్నారు మావా!” అన్నాడు ఒక కళాసీ. “ఒకడు థూ థూ అని ఊశాడు. ఇంకోడు ఉల్లిపాయ ఇసిరాడు.”

“ఉల్లిపాయ ఏదిరా?”

“తినేశాం.”

సాయంత్రానికి గుమాస్తా వచ్చాడు. అరుగు ఎక్కలేదు, మెట్టు కింద నిలబడ్డాడు. ఖారోన్ దాటించేది చనిపోయినవారిని అని, ఆఖెరోన్ పరలోకానికి అడ్డుగా ఉండే ఏరు అని చెప్పాడు.

“మరి ఆ రోజు సెప్పలేదేం?”

“కొత్త నావ కడుతున్న ఇంట్లో, ఆడపిల్ల అక్కడే కూర్చునుండగా, ఆ మాట నోటెంట ఎలా అనమంటారండి? అవతలి ఒడ్డు అన్నాను. అబద్ధం కాదు కదండి.”

తాతయ్య అతడిని తప్పు పట్టలేదు. ఆ స్థానంలో తానున్నా ఆ మాట పలికేవాడు కాదు.

“గీకెయ్యి. పొద్దున్నే గీకెయ్యి,” అంది మామ్మ.

“సెవిలో సెప్పేశాను కదే.”

“సెవిలో సెప్పింది సావు పేరయ్యా!”

“దానికేం తెలుసు? నేను పిలిచాను, అది ఇన్నాది. ఇప్పుడు నీ పేరు అది కాదంటే ఏమనుకుంటుంది?”

ఆ సీజనంతా గ్రీకు ఓడలే వచ్చాయి. ఖారోన్‌ను ఏ ఓడా పిలవలేదు. సరుకు మోయని నావ నీటిలో పైకి తేలి ఉంటుంది. తేలిన భాగం ఎండకు ఎండి పలకలు బీటలు వారతాయి. ఆ తర్వాత అది నావ కాదు, కలప. తాతయ్య ఉదయం, సాయంత్రం తానే ఎక్కి పలకల మీద ఉప్పునీళ్ళు చల్లేవాడు. కళాసీలు ఒక్కొక్కరే వేరే యజమానుల దగ్గరికి వెళ్ళారు. వెళ్ళేవారు మామ్మకు చెప్పి వెళ్ళారు, ఆయనకు చెప్పలేదు. మా వీధిలో వంట పొగలు పలచబడటం పిల్లలకు కూడా కనిపించింది.

సీజను చివర్లో ఆ వంటవాడి ఓడ మళ్ళీ వచ్చింది. అతడు ఒడ్డున దిగి, నావ మీద తన దస్తూరీని తామరపూల మధ్య చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. తాతయ్య వెళ్ళి పక్కన కూర్చున్నాడు. మధ్యలో గుమాస్తా. నేను అక్కడే నత్తగుల్లలు ఏరుకుంటున్నాను.

“అయితే మీ ఆఖెరోన్ మా వైతరణి లాంటిదన్నమాట,” అన్నాడు తాతయ్య. “వైతరణి నేను ఎల్లాను. ఒరిస్సా ఒడ్డున, ధామ్రా దగ్గర సముద్రంలో కలుత్తాది. ఉప్పు బస్తాలు దించాను. మంచి చేప దొరుకుద్ది.”

వంటవాడు తన ఆఖెరోన్‌లో తాను ఈత కొట్టానని ఒప్పుకున్నాడు. తర్వాత నేను అట్లాసులో సరిచూశాను. రెండు నదులూ ఉన్నాయి.

“మీకు నావ ఎవరు నడుపుతారంట అని అడుగుతున్నాడండి.”

“నావ లేదు. ఆవు తోక పట్టుకుని దాటాలి.”

“ఆవు కూలి అడగదా అంటున్నాడండి.”

తాతయ్య నవ్వాడు. ఆ సీజనులో ఆయన నవ్వడం అదే మొదటిసారి. తర్వాత అడిగాడు: “మీవోడి నావ తిరిగొస్తాదా?”

“నావ వస్తుందంటండి. మనుషులు రారంట.”

“అయితే ఎప్పుడూ ఖాళీగానేనా తిరిగి రావడం? అన్నేళ్ళూ?” తాతయ్య నీటిలో పైకి తేలిన తన నావ వైపు చూశాడు. “పాపం, ఎంత కష్టం.”

గుమాస్తా దాన్ని అనువదించాక వంటవాడు తాతయ్య వైపు తిరిగాడు. ఖారోన్ మీద జాలిపడిన మనిషిని అతడు బహుశా చూసి ఉండడు.

ఆ ఓడ వెళ్ళకముందే, ఇంజను గదిలో పనిచేసే ఒక ముసలి నావికుడు గుండె ఆగి చనిపోయాడు. ఊరి చివర పాత దొరల సమాధుల తోట ఉంది. అక్కడ పూడ్చడానికి అనుమతి వచ్చింది. ఒడ్డుకు ఎలా తేవాలన్నదే సమస్య. అలలు ఎక్కువగా ఉండటంతో ఓడ సొంత పడవలో పెట్టెను దించే వీలు లేకపోయింది. సరుకు నావలో శవాన్ని ఎక్కిస్తే ఆ సీజనుకు ఆ నావ మైలపడినట్టే. గుమాస్తా ఇంటింటికీ తిరిగాడు. ఏ యజమానీ ఒప్పుకోలేదు. మా ఇంటికి చివర వచ్చాడు.

“మా నావ ఖాళీగానే ఉందిగా,” అన్నాడు తాతయ్య. “దాని పనే అది అన్నారుగా.”

“పిచ్చా నీకు?” అంది మామ్మ. “ఇన్నాళ్ళూ పేరే అది. ఇప్పుడు పనీ అదైతే, ఇంక దాని మొకం సూసేదెవుడు?”

“ఆ ముసలోణ్ణి ఓడ మీదే ఉంచేత్తారా, సెప్పు.”

మామ్మ లేచింది. లోపలి నుంచి పసుపు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

వీధిలోని ఆడవాళ్ళంతా ఒడ్డున గుమిగూడారు. మామ్మ కొంగు పట్టుకుని నేనూ ఉన్నాను. తామరపూలతో, పెద్ద కళ్ళతో ఖారోన్ అలల మీద రావడం చూశాను. మధ్యలో పెట్టె, చుట్టూ టోపీలు చేత పట్టుకుని నావికులు. ఓడ నిచ్చెన దగ్గర వాళ్ళు చాలాసేపు తటపటాయించారట. మొదట దిగింది వంటవాడు. తర్వాత ఒకరి వెనుక ఒకరు దిగారట.

సమాధుల తోట నుంచి తిరిగి వచ్చాక, ఇసుకలో వంటవాడు తాతయ్యకు ఒక నాణెం ఇవ్వబోయాడు. తాతయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“గుహుడు కూలి పుచ్చుకోలేదు. నేనూ పుచ్చుకోను. సచ్చినోడి దగ్గర కూలేంటి?”

గుమాస్తా ఈసారి ఏ మాటా మింగలేదు. “మీరు తీసుకోకపోతే, చచ్చిపోయిన ఆ ముసలాయన దాటలేడంటండి. ఇటే, ఈ ఒడ్డునే తిరుగుతూ ఉండిపోతాడంట. అది వాళ్ళ లెక్కంట.”

తాతయ్య మామ్మ వైపు చూశాడు. మామ్మ, “పుచ్చుకో,” అంది. “మన ఒడ్డున ఆయనకి ఎవరున్నారు?”

తీసుకున్నాడు. “ఇది నాకు కాదు. నావకి,” అన్నాడు.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. నావికులు తిరిగి ఓడ చేరాలి. అలలకు మిగతా నావలన్నీ ఒడ్డెక్కించారు, నీళ్ళలో ఉన్న నావ ఖారోన్ ఒక్కటే. వాళ్ళు దాని వైపు చూస్తూ కదలకుండా నిలబడ్డారు.

“ఆ నావలో తిరిగి వచ్చినవాళ్ళు ఎవరూ లేరంటున్నారండి.”

“ఆళ్ళ వోడి సంగతి నాకు తెలీదు,” అన్నాడు తాతయ్య, మోకాళ్ళ లోతు నీటిలోకి దిగి నావ అంచు పట్టుకుని. “నా నావ నేను ఖాళీగా తిప్పను. ఎక్కమను.”

ఎవరూ ఎక్కలేదు. అప్పుడు వంటవాడు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నీటిలోకి నడిచాడు. ఎక్కి కూర్చుని, మిగిలినవారితో తన భాషలో ఏదో అన్నాడు. తిట్టే అయి ఉంటుంది, అందరూ ఎక్కారు. తెరచాప నిండింది. ఒడ్డున అందరం చూస్తూ ఉన్నాం. నావ ఇసుక మేట దాటాక ఎవరో గట్టిగా నవ్విన శబ్దం గాలిలో వచ్చింది. తర్వాత మరొకరు. ఓడ చేరేసరికి వాళ్ళు పాడుతున్నారని, తాతయ్యను వదలకుండా మిగిలిన కళాసీలు చెప్పారు.

ఆ సాయంత్రం ఆ ఓడే ఖారోన్ తెచ్చిన సరుకు ఎక్కించుకుంది. ఓడల మధ్య కబురు ఎలా పాకుతుందో నాకు తెలియదు, కాని తర్వాత వచ్చిన గ్రీకు ఓడలు ఆ నావను పేరు పెట్టి అడిగాయి. పేరు కింద రాగి మేకుతో కొట్టిన నాణాన్ని నావికులు వంగి వేలితో తాకేవారు. విడిచి వెళ్ళిన కళాసీలంతా మళ్ళీ పనికి వచ్చారు. మైల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ రేవు ఇప్పుడు లేదు. లోతు తవ్వి గట్టు కట్టారు. ఓడలు ఒడ్డుకే వస్తున్నాయి. క్రేన్లు సరుకు దించుతున్నాయి. ఇక్కడి రేవులో క్రేన్లు దుంగలు ఎత్తడం చూసినప్పుడు నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించదు. పని వేగంగా జరుగుతోందని మాత్రం గమనిస్తాను. నావలన్నీ వంటచెరకైపోయాయి. ఖారోన్‌ను విరిచిన రోజు మా నాన్న నాణాన్ని ఊడదీసి తెచ్చారు. అదే నా దగ్గర ఉంది.

పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టాను. మనవరాలు దాన్ని ఇటూ అటూ తిప్పింది. “వావ్. ఇట్స్ రియల్. ఇయర్ ఎక్కడుంది అమ్మమ్మా?”

“ఆ చిల్లు ఉన్నచోట.”

మా వడ్రంగి మేకును సరిగ్గా సంవత్సరం మీదే దింపాడు. ఒక్క అంకె మిగలలేదు. భూతద్దంతో చాలాసార్లు చూశాను. మిగిలినా అది నాణెం అచ్చయిన ఏడు మాత్రమే అవుతుంది, మా రేవు దాటిన ఏడు కాదు.

“మరి అదంతా ఎప్పుడు జరిగింది?”

“చెప్పలేను.”

“దెన్ హౌ డు యు నో?”

ఉద్యోగమంతా నేను ఇతరులను అడిగిన ప్రశ్న అది.

“ఇట్స్ ఓకే అమ్మమ్మా,” అంది నా భుజం తట్టి. “ఖారోన్ డేట్ చెక్ చెయ్యడులే.” నల్ల అంగీ తొడుక్కుని, తెడ్డు నిలబెట్టి, అరచేయి చాపింది.

నాణెం అందులో పెట్టాను. “నాటకంలో వాళ్ళను మళ్ళీ వెనక్కి తెస్తావా?”

గుప్పిట మూసింది. “స్క్రిప్ట్‌లో అలా లేదు.”

“మా నావ తెచ్చింది,” అన్నాను.